లిథియం ఎక్కడుంది? పెరోవ్‌స్కైట్ సెల్ కింది పొరతో నా అనుభవం

పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్ గురించి మాట్లాడేవాళ్లందరూ పెరోవ్‌స్కైట్ పొర గురించే, అంటే వెలుగును పీల్చుకునే ప్రత్యేక స్ఫటిక పదార్థపు పొర గురించే మాట్లాడతారు. పీహెచ్‌డీలో నా వాటాకు వచ్చింది దాని కింద ఉండే పొర. వెలుగు తగిలినప్పుడు పెరోవ్‌స్కైట్‌లో పుట్టే ఎలక్ట్రాన్లను అందుకుని గాజు మీది ఎలక్ట్రోడ్‌కు చేర్చడం, హోల్స్‌ను (ఎలక్ట్రాన్లు వదిలి వెళ్లిన ఖాళీలు, ధనావేశంలా కదులుతాయి) అటు రానివ్వకుండా ఆపడం దీని పని. ఎలక్ట్రాన్ ట్రాన్స్‌పోర్ట్ లేయర్ అంటారు, ల్యాబ్ మాటల్లో ఈటీఎల్. మేం వాడింది టైటానియం డయాక్సైడ్, వాడుకలో టైటానియా. అందులో వేరే మూలకాన్ని కొద్దిగా కలిపి, అంటే డోప్ చేసి, సెల్ సామర్థ్యం, అంటే పడిన వెలుగులో కరెంటుగా మారే వాటా, పెంచాలన్నది నాకిచ్చిన పని.

ఈ విషయం మీద పేపర్లు చదివితే చాలావాటిలో కథ ఒకటే. డోప్ చేశాం, పొర కండక్టివిటీ, అంటే కరెంటును మోసే గుణం, పెరిగింది, అందువల్ల సామర్థ్యం పెరిగింది. ఆ 'అందువల్ల' దగ్గరే నా కాలమంతా గడిచింది. డోప్ చేశాం అనడం ఎంత తేలికో, డోపింగ్ జరిగిందని చూపించడం, లాభం దానివల్లే వచ్చిందని చూపించడం అంత కష్టం.

ఈ సెల్స్ చరిత్ర చిన్నదే. 2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం మొదటిసారి చూపించినప్పుడు సామర్థ్యం 3.8 శాతం. అందులో ద్రవ ఎలక్ట్రోలైట్ ఉండేది, పెరోవ్‌స్కైట్ అందులో త్వరగా పాడైపోయేది. 2012లో ద్రవం బదులు ఘన పదార్థం పెట్టాక 10 శాతం దగ్గరికి చేరింది. ఇప్పుడు సర్టిఫై అయిన రికార్డులు 26 శాతం దాటాయి. పెరోవ్‌స్కైట్ కూర్పు మెరుగుపడటం ఇందుకు ఒక కారణం. దానికి పైనా కిందా ఆనుకునే ఉపరితలాలను శుభ్రం చేయడం నేర్చుకోవడం రెండోది. రెండోది మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం.

మా సెల్‌లో కింద గాజు, దాని మీద ఎఫ్‌టీఓ, అంటే ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్. అదీ డోప్ చేసిన ఆక్సైడే, అందుకే కరెంటును అంత బాగా మోస్తుంది. దాని మీద సుమారు 30 నానోమీటర్ల గట్టి టైటానియా పొర, ఆపైన 150 నుంచి 200 నానోమీటర్ల సన్న రంధ్రాల టైటానియా పొర. రంధ్రాల్లోకీ పైకీ పెరోవ్‌స్కైట్, దాని మీద హోల్స్‌ను మోసే స్పైరో-ఓమీటాడ్, చివర బంగారం.

టైటానియాకు మంచి గుణాలున్నాయి. బ్యాండ్ గ్యాప్, అంటే వెలుగును పీల్చుకోడానికి కావాల్సిన కనీస శక్తి, 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి కంటికి కనిపించే వెలుగును అడ్డుకోదు. చౌక, స్థిరం. చిక్కల్లా దానిలో ఎలక్ట్రాన్ల నడక నెమ్మది. ఆక్సిజన్ ఉండాల్సిన చోట లేకపోవడం, టైటానియం అయాన్‌కు ఉపరితలం మీద జత దొరక్కపోవడం వంటి లోపాల దగ్గర ఎలక్ట్రాన్లు చిక్కుకుంటాయి. వీటినే ట్రాప్స్ అంటారు. దీన్ని గుంతల రోడ్డు అనుకుంటే డోపింగ్‌తో రెండు రకాలుగా సాయం చేయొచ్చు: రోడ్డు మీదికి మరిన్ని బండ్లు పంపడం ఒకటి, గుంతలు పూడ్చడం ఇంకొకటి. నియోబియం మొదటి రకం. నాలుగు ధనావేశాల టైటానియం స్థానంలో ఐదు ధనావేశాల నియోబియం కూర్చుంటే ఒక ఎలక్ట్రాన్ మిగులుతుంది, అది పొరలో తిరుగుతుంది. సిలికాన్‌లో ఫాస్ఫరస్ చేసే పనే. లిథియం ఈ లెక్కకు లొంగదు. దానికి ఉన్నది ఒక్క ధనావేశం. అయినా అది పక్కన చేరినప్పుడు కొన్ని టైటానియం అయాన్లు నాలుగు నుంచి మూడు ధనావేశాలకు దిగుతాయి, ట్రాప్స్ తగ్గుతాయి. గుంతలు పూడ్చే రకమన్నమాట.

నియోబియంతో మొదలుపెట్టాం. గట్టి పొర కోసం వాడే ద్రావణంలో నియోబియం ఇథాక్సైడ్ కొద్ది శాతం కలిపాను. దీనికి తేమ అసలు పడదు, గాలి తగిలితే తెల్లగా విరుగుతుంది. కండక్టివిటీ కొలిస్తే పది రెట్ల దాకా పెరిగినట్టు కనిపించింది. సంతోషంగా వెళ్లి మా గైడ్‌కి చెప్పాను. "పెరిగితే సెల్‌కి ఏం ఒరుగుతుందో లెక్కేసి రా" అన్నారు మేడమ్.

లెక్క చిన్నదే, కాగితం మీద అయిపోతుంది. డోప్ చేయని పొర కండక్టివిటీ సెంటీమీటరుకు 10 మైక్రోసీమెన్లు అనుకుందాం. మందం 30 నానోమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరు పొర మందం గుండా కరెంటు వెళ్లాలంటే ఎదురయ్యే నిరోధం 0.3 ఓమ్. మన సెల్ ఇచ్చే కరెంటు చదరపు సెంటీమీటరుకు 22 మిల్లీయాంపియర్లు. పోయే వోల్టేజి 7 మిల్లీవోల్టుల లోపే. సెల్ వోల్టేజి 1.1 వోల్టులు. నియోబియం పది రెట్లు మెరుగుపరిచినా ఆదా అయ్యేది ఆ 7లో 6 మిల్లీవోల్టులు. అదే కండక్టివిటీ మొదట 1 మైక్రోసీమెన్ ఉంటే పోయేది 66 మిల్లీవోల్టులు, అప్పుడు డోపింగ్‌కు అర్థం ఉంది. అంటే చెడ్డ పొరను నియోబియం బాగుచేస్తుంది, ఓ మోస్తరు పొరకు ఏమీ చేయదు. మా సెల్స్ అదే చెప్పాయి. నియోబియం ఉన్నవీ లేనివీ పక్కపక్కన పెడితే వేరు చేసి చెప్పలేం. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లెవరైనా ఫర్నేస్ ఆన్ చేసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

కండక్టివిటీ కొలత గురించి కూడా ఒక మాట. పొరకు కింద ఎఫ్‌టీఓ, పైన లోహం పెట్టి వోల్టేజి-కరెంటు గీత గీస్తాం, వాలు ఎక్కువుంటే కండక్టివిటీ ఎక్కువ. ఎఫ్‌టీఓ ఉపరితలం గరుకు, పొర సన్నం. ఎక్కడో ఒక చిన్న చిల్లు పడి లోహం ఎఫ్‌టీఓను తాకితే వాలు అమాంతం పెరుగుతుంది. చూసేవాళ్లకు అది బ్రహ్మాండమైన డోపింగ్‌లా కనిపిస్తుంది. అందుకని ఒకే పొర మీద చాలా చోట్ల చిన్న చిన్న లోహపు చుక్కలు వేసి కొలిచేవాణ్ణి. విలువలు దగ్గరదగ్గరగా వస్తేనే నమ్మేవాణ్ణి.

నియోబియం పక్కన పెట్టాక లిథియం. ఈ దారి మాది కాదు. 2016లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో దీన్ని ప్రకటించారు. రంధ్రాల టైటానియాను లిథియం ఉప్పుతో డోప్ చేస్తే సామర్థ్యం 17 శాతం నుంచి 19 పైకి వెళ్లింది, హిస్టరిసిస్ (కొలిచే దిశను బట్టి అంకె మారడం) దాదాపు కనిపించలేదు. పద్ధతి కూడా తేలిక. టైటానియా పొర వేసి కాల్చాక, దాని మీద లిథియం-టీఎఫ్‌ఎస్‌ఐ అనే ఉప్పును ద్రావణంగా స్పిన్ చేసి, అంటే గాజును వేగంగా తిప్పుతూ పరిచి, మళ్లీ కాల్చడం. అంతే.

అంతే అన్నాను గానీ ఒక సెల్ తయారవడానికి ముందున్న పనుల వరుస పెద్దది. ఎఫ్‌టీఓ గాజు అంచును జింక్ పొడి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఎచ్ చేయాలి, అంటే అక్కడి ఎఫ్‌టీఓను తీసేయాలి, లేకపోతే పైనా కిందా ఎలక్ట్రోడ్లు కలిసి షార్ట్ అవుతుంది. డిటర్జెంటు, నీళ్లు, ఐసోప్రొపనాల్‌తో అల్ట్రాసోనిక్ బాత్‌లో కడగడం, యూవీ-ఓజోన్. విసుగు పని, చెప్పుకోడానికేం లేదు. గట్టి పొరకు గాజును 450 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టి టైటానియం ద్రావణాన్ని స్ప్రే చేస్తాం. చెయ్యి ఒకచోట ఆగితే అక్కడ మందం పెరిగి గాజు మీద రంగు మారుతుంది. తర్వాత టైటానియా పేస్ట్‌ను ఇథనాల్‌లో పల్చన చేసి రాత్రంతా తిప్పి, 4000 ఆర్‌పీఎమ్ దగ్గర స్పిన్ చేసి, 450 డిగ్రీల దగ్గర అరగంట కాలుస్తాం. పేస్ట్‌లో కలిపిన సేంద్రియ పదార్థాలు కాలిపోతే రంధ్రాలు మిగులుతాయి.

ఇక లిథియం. మిల్లీలీటరు అసిటోనైట్రైల్‌కు 10 మిల్లీగ్రాముల లిథియం-టీఎఫ్‌ఎస్‌ఐ. ఈ ఉప్పు గాలిలోని తేమను పీల్చుకునే వేగం చూస్తే భయమేస్తుంది. సీసా మూత తీసి తూకం వేసేలోపే గడ్డ కడుతుంది, అప్పుడు తూచింది ఉప్పో నీళ్లో తెలియదు. గ్లవ్‌బాక్స్‌లోనే, అంటే తేమ లేని వాయువు నింపిన మూసిన పెట్టెలోనే, తూచాలి. ద్రావణాన్ని పొర మీద పోసి కొద్దిసేపు రంధ్రాల్లోకి ఇంకనిచ్చి స్పిన్ చేసి, మళ్లీ 450 డిగ్రీలకు అరగంట. చల్లారేటప్పుడు పూర్తిగా చల్లారనివ్వకూడదు. 150 డిగ్రీల దగ్గర ఉండగానే పట్టకారుతో తీసి గ్లవ్‌బాక్స్‌లోకి పంపాలి, వెంటనే పెరోవ్‌స్కైట్ వేయాలి. మామూలు టైటానియానే తేమను పట్టుకుంటుంది, లిథియం చేరినది ఇంకా ఆబగా పట్టుకుంటుంది. బయట చల్లారినవాటితో తీసిన సెల్స్ ఎప్పుడూ వెనకబడే ఉండేవి.

పెరోవ్‌స్కైట్ వేయడంలో టెన్షన్ అంతా ఒక క్షణంలో ఉంటుంది. మేం వాడింది సీసియం, ఫార్మమిడినియం, మిథైల్అమోనియం మూడూ ఉన్న కూర్పు, డీఎంఎఫ్, డీఎంఎస్ఓ అనే ద్రావకాల మిశ్రమంలో. గాజు వేగంగా తిరుగుతుండగా, స్పిన్ ముగియడానికి కొన్ని సెకన్ల ముందు క్లోరోబెంజీన్‌ను ఒక్క ధారగా పైన వదలాలి. ద్రావకం ఒక్కసారిగా బయటికి పోయి, నునుపైన గోధుమరంగు పొర ఏర్పడుతుంది. తర్వాత 100 డిగ్రీల మీద గంటసేపు ఉంచితే నల్లగా, అద్దంలా తయారవుతుంది. క్లోరోబెంజీన్ ముందు పడితే మబ్బు పట్టినట్టు, ఆలస్యమైతే గారలు కట్టినట్టు వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లకు కూడా ఒకే బ్యాచ్‌లో సెల్‌కీ సెల్‌కీ ఒకటి రెండు శాతం తేడా మామూలే.

ఆ ఒకటి రెండు శాతం తేడాయే ఇక్కడ అసలు చిక్కు. మేం వెతుకుతున్న లాభం కూడా అంతే కదా! బ్యాచ్‌లో బాగా వచ్చిన డోప్డ్ సెల్‌నీ ఓ మోస్తరుగా వచ్చిన మామూలు సెల్‌నీ పక్కన పెడితే ఏ డోపంట్‌నైనా గెలిపించవచ్చు. చాంపియన్ సెల్ (బ్యాచ్‌లో అన్నిటికంటే బాగా వచ్చినది) అనే మాట మీద నాకు నమ్మకం పోయింది అక్కడే. బ్యాచ్ మొత్తం సగటు, చెదురు ఎంత అన్నవి చూడందే ఏ గ్రాఫూ నన్ను ఒప్పించలేదు.

ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్న అన్న ఒక ఏర్పాటు సూచించాడు. ప్రతి బ్యాచ్‌లో మూడు జట్లు. ఒకటి మామూలు టైటానియా. రెండోది బ్లాంక్: లిథియం లేని ఉత్త అసిటోనైట్రైల్ స్పిన్ చేసి, లిథియం దానిలాగే రెండోసారి 450 డిగ్రీలకు కాల్చినది. మూడోది లిథియం. గాజు వెనక కోడ్ నంబర్లు, పెరోవ్‌స్కైట్ వేసేవాళ్లకు ఏది ఏదో తెలియకూడదు. వేసే వరుస కూడా కలగాపులగంగా ఉండాలి, ఎందుకంటే పని సాగేకొద్దీ గ్లవ్‌బాక్స్‌లో ద్రావకపు ఆవిరి పేరుకుంటుంది, చివర వేసిన పొరలు మొదట వేసినవాటిలా రావు. మామూలు సెల్స్ అన్నీ ముందు, డోప్డ్ అన్నీ తర్వాత వేస్తే ఆ తేడా డోపంట్ ఖాతాలో పడుతుంది.

పెరోవ్‌స్కైట్ తర్వాత స్పైరో, దాని తర్వాత బంగారం. స్పైరో గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపితే గానీ కరెంటు మోయదు కాబట్టి సెల్స్‌ను ఒక రాత్రి పొడి గాలిలో వదిలేసి, మర్నాడు సోలార్ సిమ్యులేటర్ కింద కొలిచేవాళ్లం. చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్ల వెలుగు, రిఫరెన్స్ సిలికాన్ సెల్‌తో సరిచూసుకుని, సెల్ మీద నల్లటి మాస్క్ పెట్టి. మాస్క్ లేకపోతే పక్కల నుంచి వచ్చే వెలుగు కూడా లెక్కలోకి వచ్చి కరెంటు ఎక్కువగా కనిపిస్తుంది.

ఫలితాలు చూస్తే మామూలు సెల్స్ కంటే లిథియం సెల్స్ స్పష్టంగా మేలు. బ్లాంక్ కూడా మామూలువాటి కంటే మేలు! లిథియం అంత కాదు గానీ, పట్టించుకోకుండా వదిలేసేంత చిన్న తేడా కూడా కాదు. పేస్ట్‌లో కాలకుండా మిగిలిపోయిన కార్బన్ రెండో కాల్పులో పోయి ఉండాలి. పొర మీద పట్టిన తేమ, మురికి కూడా పోయి ఉండాలి. అంటే మామూలు సెల్‌తోనే పోల్చి 'లిథియం లాభం' అని రాస్తే అందులో కొంత ఫర్నేస్ లాభం. ఆ తర్వాత మా పోలికలన్నీ బ్లాంక్‌తోనే చేశాం. సంఖ్య చిన్నదైంది, కానీ బ్యాచ్ తర్వాత బ్యాచ్ నిలబడింది.

లాభమంతా డోపంట్ ఖాతాలోనే పడటం కొత్త కాదు. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన 19.3 శాతం సెల్ గురించి అప్పట్లో అందరూ మాట్లాడేవారు. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంలో యాంగ్ యాంగ్ బృందం చేసింది. యిట్రియంతో డోప్ చేసిన టైటానియా వల్ల అని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. అందులో కింది ఎలక్ట్రోడ్ మీద ఒక పాలిమర్ పూత కూడా ఉంది, తేమను అదుపులో ఉంచి పెరోవ్‌స్కైట్‌ను పెంచిన పద్ధతి కూడా ఉంది. పేపర్లో ఇవన్నీ దాపరికం లేకుండా రాశారు. దాన్ని ఉటంకించేవాళ్లు మాత్రం యిట్రియం ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు.

లిథియం వల్ల మారినదేమిటో విడదీసి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. కరెంటు దాదాపు మారలేదు. వోల్టేజి కొన్ని పదుల మిల్లీవోల్టులు పెరిగింది. ఎక్కువ మార్పు ఫిల్ ఫ్యాక్టర్‌లో, అంటే గరిష్ఠ వోల్టేజి, గరిష్ఠ కరెంటుల లబ్ధంలో నిజంగా దక్కే పవర్ వాటాలో. 0.70 దగ్గర తచ్చాడేది 0.75 దాటింది. అన్నిటికంటే స్పష్టంగా హిస్టరిసిస్ తగ్గింది. వోల్టేజిని పై నుంచి కిందికి తెస్తూ కొలిస్తే ఒక సామర్థ్యం, కింద నుంచి పైకి తీసుకెళ్తూ కొలిస్తే ఇంకో తక్కువ సామర్థ్యం రావడమే హిస్టరిసిస్. పెరోవ్‌స్కైట్‌లో అయోడైడ్ ఖాళీలు కదులుతాయి, వోల్టేజి దిశను బట్టి అంచుల దగ్గర పోగవుతాయి. అయాన్లు కదలడం ఒక్కటే చాలదు. అంచు దగ్గర ఎలక్ట్రాన్లు, హోల్స్ కలిసి నష్టపోయే చోట్లు కూడా ఉంటేనే ఆ కదలిక మన గీతలో కనిపిస్తుంది. లిథియం ఆ కదలికను ఆపలేదు, అంచును శుభ్రం చేసింది. అందుకే పై నుంచి తెచ్చిన గీతలో వచ్చిన గొప్ప అంకెను నేను పక్కన పెట్టి, గరిష్ఠ పవర్ బిందువు దగ్గర కొన్ని నిమిషాలు పట్టి ఉంచి కొలిచిన విలువనే రాసేవాణ్ణి. లిథియం సెల్స్‌లో ఆ రెండు అంకెలు దగ్గరకొచ్చాయి. నా దృష్టిలో ఆ పనిలో వచ్చిన మంచి ఫలితం అదే.

ఇక్కడితో రాసి పంపించేయొచ్చు అనుకున్నాను. మేడమ్ ఒక్క ప్రశ్న వేశారు: "లిథియం ఎక్కడుంది?"

టైటానియా స్ఫటికంలోకి వెళ్లిందా, రేణువుల పైన పూతలా మిగిలిందా, అసలు ఉందా? డోపింగ్ అనాలంటే మొదటిది జరగాలి. ఈ ప్రశ్నకు జవాబు వెతకడం మిగతా పనంతటికంటే పెద్దదైంది, ఎందుకంటే లిథియం పరికరాలకు చిక్కదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మూలకాలను గుర్తించే మామూలు ఈడీఎక్స్‌కి అంత తేలిక మూలకం కనిపించదు. ఎక్స్-కిరణాలతో ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లను రాబట్టి మూలకాలను గుర్తించే ఎక్స్‌పీఎస్‌లో లిథియం సంకేతం 55 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర రావాలి. అసలే బలహీనమైన సంకేతం, పైగా దానికి ఆనుకునే టైటానియం తాలూకు పెద్ద శిఖరం ఒకటుంది. ఆ పక్కవాలులో లిథియం కలిసిపోతుంది. గీతకు శిఖరాలు అమర్చే సాఫ్ట్‌వేర్‌ని అడిగితే ఎక్కడ కావాలంటే అక్కడ ఒక శిఖరం అమర్చిపెడుతుంది, దానికేం మొహమాటం లేదు. స్ఫటిక అమరికను ఎక్స్-కిరణాలతో చూసే ఎక్స్‌ఆర్‌డీలో అనటేజ్ (మా టైటానియా స్ఫటిక రూపం) ప్రధాన శిఖరం 25.3 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంది. అది ఏదీ తేల్చలేదు, అంత తక్కువ లిథియం శిఖరాన్ని కదిలించలేకపోవచ్చు కూడా.

ఎక్స్‌పీఎస్‌లోనే టైటానియం శిఖరం చూస్తే, మూడు ధనావేశాల టైటానియం తాలూకు చిన్న భుజం లిథియం ఉన్నవాటిలో కాస్త ఎత్తుగా కనిపించింది, బ్లాంక్‌లో లేదు. పరోక్షమైనా ఇది సాక్ష్యమే. పొరను ఆమ్లంలో కరిగించి, మూలకాల మోతాదు కొలిచే ఐసీపీ-ఎంఎస్‌లో పెడితే లిథియం ఉందని, ఎంతుందో కూడా తెలిసింది. ఎక్కడుందో చెప్పదు కదా అది. లోతు తెలియాలంటే టాఫ్-సిమ్స్ కావాలి. పొరను అయాన్లతో కొద్దికొద్దిగా చెక్కుతూ బయటికొచ్చే అయాన్లను లెక్కపెట్టే పరికరం ఇది. లిథియాన్ని బాగా పడుతుంది. అది మా దగ్గర లేదు, వేరే చోటికి నమూనాలు పంపాం. రంధ్రాల టైటానియా పొర మందమంతటా లిథియం ఉందని తేలింది. రంధ్రాల పొరలో మందమంతటా ఉండటానికీ రేణువు లోపల ఉండటానికీ తేడా ఉంది. ప్రతి రేణువుకూ చుట్టూ ఉపరితలమే. కాబట్టి స్ఫటికంలోకి వెళ్లిందన్నది నేను ఈ రోజుకీ గట్టిగా చెప్పను.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. వాడిన ఉప్పులో లిథియంతోపాటు ఫ్లోరిన్, గంధకం ఉన్న సేంద్రియ అయాన్ ఉంది. 450 డిగ్రీల దగ్గర అది విచ్ఛిన్నమవుతుంది, ఫ్లోరిన్ కొంత ఉపరితలానికి అంటుకుంటే? ఫ్లోరైడ్ కూడా ఆక్సైడ్ లోపాలను కప్పగలదు. లిథియం అసిటేట్‌తో, లిథియం మోతాదు అంతే ఉండేలా, ఇంకో జట్టు చేశాం. లాభం వచ్చింది, కాస్త తక్కువగా. ఘనత ప్రధానంగా లిథియానిదే అనుకున్నాం.

అప్పుడు తట్టింది అసలు విషయం. మా సెల్స్‌లో లిథియం లేని సెల్ ఒక్కటీ లేదు! పైనున్న స్పైరో పొరలో డోపంట్‌గా వాడేది కూడా లిథియం-టీఎఫ్‌ఎస్‌ఐయే. లిథియం అయాన్ బుల్లిది, పెరోవ్‌స్కైట్ గుండా కిందికి దిగి టైటానియా దాకా చేరుతుందని ఇతరులు చూపించి ఉన్నారు. టాఫ్-సిమ్స్‌లో మా బ్లాంక్ సెల్ కింది పొరలో కనిపించిన కొద్దిపాటి లిథియం గీతను మొదట నేపథ్య శబ్దం అనుకున్నాం. కొద్ది రోజులు నిల్వ ఉంచిన మామూలు సెల్స్ వాటంతటవే కాస్త మెరుగుపడటం కూడా అందరికీ తెలిసిన సంగతే, అందులో స్పైరో వాటా ఎంతో కింద చేరిన లిథియం వాటా ఎంతో ఎలా విడదీస్తాం?

దానికోసం పై పొర మార్చాల్సి వచ్చింది. కాపర్ థయోసయనేట్‌కు లిథియం అక్కర్లేదు. దాన్ని డైఇథైల్ సల్ఫైడ్‌లో కరిగించి వేయాలి. ఆ వాసన వర్ణించను. ఫ్యూమ్ హుడ్ పూర్తి వేగంతో తిరుగుతున్నా పక్క ల్యాబ్ వాళ్లు తలుపు తట్టి అడిగేవారు. బంగారం దానికి నేరుగా తగిలితే వెలుగులో ఆ అంచు పాడవుతుందని 2017లోనే సైన్స్ పత్రికలో వచ్చింది. మధ్యలో రెడ్యూస్డ్ గ్రాఫీన్ ఆక్సైడ్ సన్న పొర పెట్టడం దానికి వాళ్లు చూపిన మార్గం. మేమూ అదే చేశాం. ఈ సెల్స్ సామర్థ్యం స్పైరో సెల్స్‌ను అందుకోలేదు, ఫరవాలేదు, మాకు కావాల్సింది పోలిక. పైన లిథియం లేనప్పుడు, కింద లిథియం ఉన్నదానికీ బ్లాంక్‌కీ మధ్య తేడా ఇంకా పెద్దదైంది. స్పైరోతో చేసినప్పుడు మా బ్లాంక్‌కు పైనుంచి గుట్టుగా సాయం అందుతోందన్నమాట.

మోతాదు విషయంలో లిథియం క్షమించదు. ఉప్పు గాఢత పెంచుతూ పోతే మొదట మేలు, తర్వాత వోల్టేజి పడిపోవడం. డై-సెన్సిటైజ్డ్ సెల్స్ (టైటానియాకు రంగు పట్టించి చేసే సోలార్ సెల్స్) చేసినవాళ్లకు ఇది పాత సంగతే: లిథియం అయాన్లు టైటానియా ఉపరితలానికి అంటుకుంటే దాని కండక్షన్ బ్యాండ్, అంటే ఎలక్ట్రాన్లు తిరిగే శక్తి మట్టం, కిందికి జారుతుంది. కొద్దిగా జారితే ఎలక్ట్రాన్లు తేలిగ్గా దిగుతాయి, ఎక్కువ జారితే అందిన వోల్టేజి పోతుంది. ఎక్కువ మోతాదులో పెరోవ్‌స్కైట్ పొర కూడా గాజు మీద సరిగ్గా పరుచుకోలేదు, తేమే కారణమై ఉండాలి.

ఫోటోల్యూమినిసెన్స్ (వెలుగు పీల్చుకున్న పదార్థం తిరిగి వెలగడం) గురించి ఇక్కడే చెప్పేస్తాను. డోప్డ్ పొర మీద పెరోవ్‌స్కైట్ వెలిగే వెలుగు తగ్గితే ఎలక్ట్రాన్లు వేగంగా కిందికి పోతున్నాయని రాసేస్తుంటారు. అంచు దగ్గర అవి నష్టమైపోతున్నా వెలుగు తగ్గుతుంది. వోల్టేజి పెరుగుతూ వెలుగు తగ్గితేనే మొదటి అర్థం తీసుకోవచ్చు. మోతాదు మించిన సెల్స్‌లో వెలుగు ఇంకా తగ్గింది, వోల్టేజి కూడా తగ్గింది. గ్రాఫ్ ఒక్కటే చూపిస్తే అది కూడా గొప్ప డోపింగే అనిపిస్తుంది.

ఒక ఆశ మాత్రం తీరలేదు. టైటానియా అతినీలలోహిత కిరణాలు తగిలితే ఫోటోకెటలిస్టుగా పనిచేసి తనకు ఆనుకున్న పెరోవ్‌స్కైట్‌ను తినేస్తుంది. ట్రాప్స్ తగ్గాయి కాబట్టి ఇదీ తగ్గుతుందేమో అనుకున్నాం. యూవీ ఫిల్టర్ తీసి వెలుగులో ఉంచితే లిథియం సెల్స్, బ్లాంక్ రెండూ ఇంచుమించు ఒకే తీరున పడిపోయాయి.

ఇప్పుడు టిన్ ఆక్సైడ్ వైపు వచ్చాను. 150 నుంచి 180 డిగ్రీలు చాలు, 450 అక్కర్లేదు. ఎలక్ట్రాన్లు టైటానియాలో కంటే చాలా వేగంగా కదులుతాయి, యూవీ బాధ తక్కువ. కండక్టివిటీ పెంచే డోపింగ్‌కు ఇక్కడ ఇంకా తక్కువ పని, నియోబియం లెక్క మళ్లీ వేస్తే తెలిసిపోతుంది. అయినా డోప్ చేసిన టిన్ ఆక్సైడ్ పేపర్లకు కొదవలేదు, వాటిలో లాభాలూ నిజమే. ఎక్కువమంది వాడేది సీసాలో దొరికే కొల్లాయిడ్ ద్రావణం, అంటే అతి చిన్న రేణువులు తేలే ద్రవం. అది గడ్డ కట్టకుండా ఉండటానికి అందులో పొటాషియం ఉంటుంది. పొటాషియం అంచు లోపాలను కప్పి హిస్టరిసిస్ తగ్గిస్తుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. అంటే 'డోప్ చేయని' టిన్ ఆక్సైడ్ కూడా సీసాలోంచే డోపై వస్తోంది. ద్రావణాన్ని డయాలిసిస్ సంచిలో పోసి పొటాషియం తీసేస్తే కొల్లాయిడ్ నిలవడం కష్టమవుతుంది, పీహెచ్ సరిచేస్తూ నిలబెట్టాలి. అలా పొటాషియం తీసినది, తీసి మళ్లీ అంతే కలిపినది, సీసాలోది సీసాలోలాగే వేసినది, ఈ మూడు జట్ల సెల్స్ ఇప్పుడు గరిష్ఠ పవర్ బిందువు ట్రాకింగ్ మీద నడుస్తున్నాయి.